ఆకులోని వంటయిల్లు: ఎండ గింజగా మాఱు విధము

(రైతులకొఱకు జేసిన యుపన్యాసము)



భూమిని గూర్చియు నీటిని గూర్చియు మీకు నేను క్రొత్తగా జెప్పదగిన దేమియు లేదు. ఏ మడిలో నెంత విత్తనము పట్టునో, ఏ చెఱువు నీరు ఎన్ని తడులకు జాలునో మీకు దెలిసినంత ఏ దస్త్రమునకును దెలియదు. కాని పైరునకు గావలసిన మూడవ వస్తువొకటి గలదు. దానికి శిస్తు లేదు, తూము లేదు, గట్టు తగాదా లేదు. అది సూర్యుని వెలుతురు. పూర్వము భూములను గొలిచి శిస్తు నిర్ణయించిన బందోబస్తు అధికారులు మట్టి నాణెమును వ్రాసికొనిరి, నీటి వసతిని వ్రాసికొనిరి. ఎండను వ్రాసికొన్నవారు లేరు. అయినను మీ గాదెలో జేరు గింజయందు ఎక్కువ పాలు మట్టినుండి వచ్చినది కాదు. అది గాలినుండియు నీటినుండియు, ఎండ బలముచేత, ఆకులో దయారైనది.

ఈ సంగతి యెట్లు తెలిసినదో, ఆకులో నేమి జరుగుచున్నదో, దానివలన రైతు గ్రహింపవలసిన దేమో మీకు మనవి చేసెదను. ఇది కేవలము శాస్త్రవినోదము గాదు. ఆకు చేయు పని తెలియక మన చేతులతో మనమే పంటను దగ్గించుకొను సందర్భములు పెక్కులు గలవు. వానిని మానుకొనుటకు రొక్కము ఖర్చు లేదు. తెలివిడి యొక్కటియే చాలును.

గింజ యెక్కడినుండి వచ్చును?

మొక్క మట్టిని దిని పెరుగునని మన పెద్దలే గాక యూరపు పండితులును చిరకాలము తలచియుండిరి. బ్రస్సెల్సు నగరమునకు జెందిన వాన్ హెల్మాంటు అను వైద్యుడు ఈ మాటను బరీక్షింపదలచెను. ఆయన ఎండబెట్టి తూచిన 200 పౌనుల మట్టిని ఒక తొట్టిలో బోసి, అందు 5 పౌనుల తూకముగల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు తప్ప మఱేమియు నీయక పెంచెను. అయిదేండ్లకు ఆ చెట్టు 169 పౌనులకు బైగా దూగెను. మట్టిని మఱల నెండబెట్టి తూచగా దఱిగినది సుమారు రెండు ఔన్సులు మాత్రమే. ఈ వృత్తాంతము ఆయన మరణానంతరము 1648లో అచ్చుపడినది. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తీర్మానించెను. నీటి పాలు నిజమే గాని, గాలి పాలు ఆయన గ్రహింపలేదు.

1771లో ఇంగ్లండునందు ప్రీస్ట్లీ అను నాయన, దీపము వెలిగి యాఱిపోయిన గాజుపాత్రలోని చెడిన గాలిలో పుదీనా కొమ్మ నుంచగా, కొన్ని దినములకు ఆ గాలిలో దీపము మఱల వెలుగుటను గనుగొనెను. 1779లో ఇంగెన్‌హౌసు అను వైద్యుడు ఈ శుద్ధి ఎండలో మాత్రమే జరుగుననియు, మొక్కయొక్క పచ్చని భాగములు మాత్రమే చేయుననియు నిరూపించెను. 1782లో జెనీవా నగరవాసి సెనెబియే ఆకు తినునది గాలిలోని బొగ్గుపులుసు వాయువని తెలిపెను. ఆ నగరమునకే జెందిన సోస్యూరు 1804లో తూకము వేసి, బొగ్గుపులుసు వాయువుతోబాటు నీరును మొక్కయొక్క శరీరములో గలియునని తేల్చెను. ఈ నలుగురి పనిచేత లెక్క సరిపోయినది.

మీరును ఇంట దీనిని బరీక్షింపవచ్చును. ఒక మణుగు ఎండు తుమ్మకట్టెను బూర్తిగా గాల్చి, బూడిదను దూచుడు. అది ఒకటి రెండు సేర్లకు మించి యుండదు. భూమినుండి వచ్చిన నత్రజని పొగతో బోవును; తక్కిన భూసారమంతయు ఇంచుమించు ఆ బూడిదయే. మిగిలిన ముప్పదియెనిమిది సేర్లు గాలినుండియు నీటినుండియు గట్టబడినవి. మఱల గాలిలోనికే పోయినవి. వరిగడ్డిలో ఇసుకవంటి పదార్థ మెక్కువగా నుండుటచే బూడిద హెచ్చుగా దిగును. అయినను సామాన్యముగా ఎండబెట్టిన పైరులో నూటికి సుమారు తొంబది పాళ్లు గాలినుండియు నీటినుండియు వచ్చినవే.

అట్లయిన ఎరువెందులకు అని మీరడుగవచ్చును. వాన్ హెల్మాంటు తొట్టిలో దఱిగిన రెండు ఔన్సులే దానికి సమాధానము. ఆ స్వల్పభాగము లేనిదే చెట్టు లేదు. కూరలో నుప్పు పాలు కొంచెమే. ఉప్పు లేని కూర నోటబెట్టరాదు. ఆకు అను వంటయింటిలో వండునది గాలియు నీరును. పొయ్యిలోని మంట ఎండ. పాత్రలును పనిముట్లును భూసారముచేత జేయబడినవి. పనిముట్లు చాలనియెడల మంట యెంత యున్నను వంట కాదు.

ఆకు లోపల నేమున్నది?

పచ్చిగడ్డిపై ఒక యిటుకను వారము దినములు ఉంచి తీసి చూడుడు. క్రింది గడ్డి పసుపువన్నె దిరిగి పాలిపోయి యుండును. ఇటుకను దీసివేసిన పిమ్మట మఱల పచ్చనగును. నీరును భూసారమును ముందువలెనే యున్నవి. లోపించినది వెలుతురు మాత్రమే. దీనినిబట్టి ఆకు పచ్చదనమునకు వెలుతురే ఆధారమని స్పష్టమగుచున్నది.

సూక్ష్మదర్శని క్రింద ఆకును జూచిన, తేనెపట్టు గదులవలె చిన్న చిన్న కణములు గానబడును. ఒక్కొక్క కణములో పదులకొలది పచ్చని రేణువులు గలవు. వీనిని హరితరేణువు లందురు. ఇవి యెంత చిన్నవనగా, సుమారు అయిదువేల రేణువుల నొకదానిప్రక్క నొకటి పేర్చిన గాని ఒక అంగుళము నిండదు. ఈ రేణువులలో పత్రహరితమను రంగుపదార్థము గలదు. ఎండను బట్టుకొనునది ఇదియే. పత్రహరితముయొక్క నడుమ మెగ్నీసియమను లోహమును, దాని చుట్టు నత్రజని నాలుగు పాళ్లును అమరియున్నవి. ఇనుము పత్రహరితములో జేరకున్నను, ఇనుము లేనిదే మొక్క దానిని దయారు చేయజాలదు. ఎరువు తగ్గిన పైరు పాలిపోవుటకు గారణము ఇదియే: పాలిపోయిన ఆకు ఎండను బట్టు వల తెగిన ఆకు.

ఎండ తెల్లగా గనబడినను, ఇంద్రధనుస్సులోని రంగులన్నియు అందు గలవు. వానిలో ఎఱుపును నీలమును పత్రహరితము ఎక్కువగా మ్రింగును. పచ్చని వెలుతురును అంతగా వాడుకొనక కొంత బయటికి విడుచును. ఆకు మన కంటికి పచ్చగా గనబడుట ఇందువలననే. 1882లో జర్మనీ దేశపు ఎంగెల్మాను ఒక సన్నని నాచుతీగపై రంగులను విడదీసి ప్రసరింపజేసి, ఎఱుపు నీలము పడిన చోట్లనే ప్రాణవాయువు మిక్కుటముగా వెలువడుటను జూపెను. దీనినుండి రైతు తెలిసికొనదగిన దొకటి గలదు. చెట్టు క్రిందనో కలుపు క్రిందనో పడు వెలుతురు, పై ఆకు సారమును బీల్చి విడిచిన వెలుతురు. చూపునకు వెలుగున్నట్లే తోచును గాని క్రింది ఆకునకు అందు మేత తక్కువ.

ఆకు చర్మముపై కంటికి గనరాని ద్వారములు గలవు. వీనిని పత్రరంధ్రము లందురు. ఒక చదరపు అంగుళములో ఇవి అనేకవేలుండును. బొగ్గుపులుసు వాయువు లోనికి బోవునదియు, నీటియావిరి వెలికి వచ్చునదియు నీ ద్వారములనుండియే. గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు గొంచెము మించి మాత్రమే యున్నది. అంత పలుచని మేతను బోగుచేయుటకు ద్వారములు తెఱచి యుంచక తప్పదు. తెఱచినంతసేపు నీరు ఆవిరియగును. వేరు పీల్చిన నీటిలో నూటికి తొంబదియైదు పాళ్లకు బైగా నిట్లే పోవును. నీరు చాలని దినమున మొక్క తన ద్వారములను మూసికొనును. అప్పుడు ఎండ యెంత కాసినను వంట యాగిపోవును. ఎండిన మడిలో మధ్యాహ్నము ఆకులు చుట్టుకొనియున్న వనగా, ఆ దినపు సంపాదన ఆగినదని యర్థము.

వంట జరుగు విధము

ఈ పనికి కిరణజన్య సంయోగక్రియ యని పేరు. ఇది రెండు మెట్లుగా జరుగును.

మొదటి మెట్టునకు వెలుతురు కావలెను. పత్రహరితము పట్టిన యెండ బలముచేత నీరు విడదీయబడును. నీటిలోని ప్రాణవాయువు వెలికి బోవును. ఉదజని పాలు లోపల నిలుచును. ఎండగాయు వేళ చెఱువులోని నాచునుండి బుడగలు వరుసగా పైకి లేచుటను మీరు చూచియే యుందురు. ఆ బుడగలలో మిక్కుటముగా నున్నది ప్రాణవాయువే. మబ్బు క్రమ్మిన బుడగలు మందగించును. ఎండ వచ్చిన మఱల వేగిరపడును. మన దేశపు శాస్త్రజ్ఞుడు జగదీశచంద్రబోసుగారు ఇట్టి నీటిమొక్కనే తీసికొని, అది విడుచు ప్రాణవాయువును తనంతట దానే నమోదుచేయు యంత్రమును నిర్మించి, తమ పరిశోధనలను 1924లో గ్రంథరూపమున బ్రకటించిరి. ఈ ప్రాణవాయువు నీటినుండియే వచ్చుననుటకు 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ మొదలగువారు సాక్ష్యము జూపిరి. మనము పీల్చు ప్రాణవాయువు ఇట్టి పచ్చని జీవులు వెలికి విడిచినదే.

పట్టిన యెండ బలము రూపాయి నోటువలె చేతులు మాఱుటకు వీలైన యొక పదార్థములో నిలువచేయబడును. దాని పేరు ఎ.టి.పి. అందు భాస్వరము మూడు పాళ్లుగా గూర్చబడియుండును. ఈ పదార్థమును 1929లో అమెరికాలోని హార్వర్డు విద్యాలయమునందు ఫిస్కు అను నాయనతో గలిసి కనుగొన్నవారిలో నొకడు భీమవరమున 1895లో జన్మించిన మన తెలుగువాడు యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ కాలముననే జర్మనీలో లోమాను అను నాయన వేఱుగా దీనిని గనుగొనెను. హరితరేణువులు ఎండ బలముచేత ఈ పదార్థమును స్వయముగా దయారు చేయునని 1954లో ఆర్నను అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. భాస్వరపుటెరువు పైరునకు ఏల కావలెనో దీనివలన గొంత బోధపడును.

రెండవ మెట్టులో, నిలువచేసిన యా బలముతో బొగ్గుపులుసు వాయువు చక్కెరగా మార్చబడును. ఏ మెట్టు తరువాత నే మెట్టు జరుగునో కాల్విను అను శాస్త్రజ్ఞుడును ఆయన సహాయులును అమెరికాలో గుర్తుపట్టి తెలిపిరి. అందులకు కాల్వినుకు 1961లో నోబెలు బహుమానము లభించినది. ఈ చక్కెర పగటివేళ కొంత ఆకులోనే పిండిపదార్థముగా నిలువయుండును. రాత్రివేళ ఆ పిండి మఱల చక్కెరగా గరగి, ఈనెలగుండ బ్రవహించి, వేరునకు, పిలకకు, గింజకు జేరును. గింజలో మఱల పిండిగా గూడుకొనును. మనము వండుకొను అన్నమిదియే.

పైరు తన సంపాదన నంతయు నిలువచేయలేదు. మనవలెనే అది రాత్రింబగళ్లు శ్వాసించుచు కొంత చక్కెరను ఖర్చుచేసికొనును. రాత్రులు వెచ్చనైన కొలది ఈ ఖర్చు హెచ్చును. ఎండలోని బలమంతటిలో మన పైరులు పంటకాలము పొడుగునను నిలువచేయునది సామాన్యముగా నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. రాబడి యింత తక్కువగా నున్నప్పుడు చేజేతుల నష్టపఱచుకొనుట యెంత యనర్థమో ఆలోచింపుడు.

వరికిని జొన్నకును గల భేదము

అన్ని పైరులును ఒకేరీతిగా గాలిని దినవు. 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అను నిరువురు శాస్త్రజ్ఞులు చెఱకు ఆకులో బొగ్గుపులుసు వాయువు ముందుగా వేఱొక పదార్థముగా గూడి, పిమ్మట ఈనెల చుట్టునున్న లోపలి కణములకు జేరి, అచ్చట చిక్కనై చక్కెరగా మాఱునని తెలిపిరి. జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ ఈ తెగకు జెందినవే. వరి, ప్రత్తి, వేరుశనగ, ఆముదము, కంది రెండవ తెగకు జెందినవి. వీనిలో ఆ ముందు పోగుచేత లేదు.

ఈ భేదమువలన జొన్న తెగ పైరులు కొంచెము నీటితో నెక్కువ పదార్థమును గట్టగలవు. మండుటెండను భరించి వాడుకొనగలవు. మెట్టనేలలో మన పూర్వులు జొన్నను సజ్జను నమ్ముకొనుటలో నెంత వివేకము గలదో దీనివలన దెలియుచున్నది. ఈ పైరుల బలమంతయు నిండు ఎండలోనే. చెట్ల నీడలో వేసిన జొన్నకు ఆ మేలు దక్కదు.

ఆకు చెడిన గింజ చెడును

ఇక అసలు విషయమునకు వచ్చెదను. వెలుతురు తగ్గుటవలన గలుగు నష్టము పైరు వయస్సునుబట్టి మాఱును. ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయమున వరిపైరునకు వేర్వేఱు దశలలో నీడగట్టి చూచిన పరీక్షల ఫలితములు 1976లో బ్రకటింపబడినవి. పిలకలు వేయు దశలో నీడ గట్టిన పంట కొంచెమే తగ్గినది. వెన్ను రూపుగట్టు దశలో నీడ గట్టిన గింజల సంఖ్య తగ్గి నష్టము మిక్కిలి హెచ్చినది. ఈనిన పిమ్మట గింజ నిండు దశలో నీడ గట్టిన తాలు పెరిగినది. చిన్ననాటి కొఱతను పైరు కొంత పూడ్చుకొనగలదు. పొట్టకు వచ్చిన పిమ్మట పూడ్చుకొనుటకు దానికి వ్యవధి లేదు.

దస్త్రములలో ఆబి యనియు తాబి యనియు వ్రాయబడిన మన రెండు వరిపంటలను బోల్చి చూడుడు. వానకాలపు ఆబి పైరు మబ్బుల క్రింద బెరుగును. యాసంగి తాబి పైరునకు నిర్మలమైన ఎండ దొరకును. నీరు చాలినంత యున్నచో తాబి పైరు ఆబికంటె నధికముగా ఫలించుటకు ఈ ఎండయే ముఖ్యకారణము.

వరిగింజలోని పిండిలో ఎక్కువ భాగము వెన్ను పైకి వచ్చిన పిమ్మట ఆకులు సంపాదించినదే. పొట్ట దశకు ముందు కాడలో నిలువయున్నది కొంత మాత్రమే. ఈ చివరి నెలలో పై రెండు మూడు ఆకులే యింటికి సంపాదనపరులు. అందును వెన్నునకు దగ్గఱగా నిలుచు చివరి ఆకు, అనగా పోటాకు, ముఖ్యమైనది. ఆకుముడత పురుగు ఈ ఆకును నిలువున ముడిచి, లోపలి పచ్చదనమును గోకి తిని తెల్లని చారలు చేయును. ఆ తెల్లచార యొక్కొక్కటియు గింజకు జేరవలసిన యన్నము.

జొన్నకును మొక్కజొన్నకును మఱియొక అపాయము గలదు. కంకి పాలుపోసికొను దశలో పచ్చి ఆకులను దూసి పశువులకు వేయుటయు, మొక్కజొన్నలో కంకిపై భాగమును గోసివేయుటయు గొన్ని యెడల వాడుకగా నున్నది. పశువు రైతునకు బిడ్డవంటిది. కొట్టములో మేత లేని దినమున రైతు మనసెట్లుండునో ఎఱుగనిది గాదు. అయినను లెక్క చూడుడు. ఆ దినమున దొరకునది ఒక మోపు ఆకు. పోవునది ఆ ఆకు ఇంకను మూడు నాలుగు వారములు వండి కంకికి బంపవలసిన పిండి. కంకి నిండక గింజ నలిగి సన్నబడును. సంపాదించు కొడుకును పని మాన్పించి యింట గూర్చుండబెట్టినట్లు ఈ పని యుండును.

గింజ ముదిరిన గుర్తును దెలిసికొనుట సులభము. జొన్నగింజనో మొక్కజొన్నగింజనో కంకినుండి ఒలిచి, కంకిని అంటియుండు అడుగు కొసను జూడుడు. అచ్చట నల్లని చుక్కయో పొరయో ఏర్పడియున్నచో ఆకునుండి గింజకు బోవు దారి మూసికొనిపోయినది. ఆ పిమ్మట ఆకును దూసినను నష్టము లేదు. ఆ గుర్తు కనబడువఱకు పచ్చి ఆకు జోలికి బోరాదు.

రైతు చేయవలసిన పనులు

1. పచ్చిమేతకొఱకు గింజపైరును దూయవద్దు. బావిక్రిందనో కాలువక్రిందనో కొంత నేలను మేతజొన్నకు వేఱుగా గేటాయించి ఒత్తుగా విత్తుడు. పూతకు రాని లేత జొన్నయు, నీరులేక వాడిన జొన్నయు పశువులకు విషమగును గనుక, పూతకు వచ్చిన పిమ్మటనే కోసి వేయుడు.

2. వరినారు కొసలు త్రుంచి నాటుట వేఱు సంగతి. కాండముతొలుచు పురుగు తన గ్రుడ్లను నారు కొసలపై బెట్టును. కొసలు త్రుంచిన గ్రుడ్లు పోవును. లేత నారు ఆ కొఱతను త్వరలోనే తీర్చుకొనును. ఈ పనిని నాటువేళకే పరిమితము చేయవలెను.

3. కలుపును దొలినాళ్లలోనే తీయుడు. కలుపు ఎరువును నీటిని మాత్రమేగాక, పైరుకంటె ముందు పెరిగి వెలుతురును గూడ దొంగిలించును. పైరు కలుపును మించి నేలను గప్పిన పిమ్మట దానిని తానే అణచివేయును.

4. వరి నాటునపుడు ప్రతి రెండు మీటర్లకు, అనగా రెండు గజములకు గొంచెము మించి, ఒక జానెడు వెడల్పున తూర్పు పడమరలుగా గాలిబాటలు విడువుడు. గాలియు వెలుతురును పైరు మొదళ్లకు దాకును. దోమపోటు ఉధృతము తగ్గును. విడిచిన నేల వృథా యని దిగులు పడవలదు. బాట ప్రక్కనున్న దుబ్బులు అధికముగా బలిసి గొంత పూడ్చును.

5. మబ్బులు వదలని దినములలో నత్రజని యెరువును గుప్పవద్దు. వెలుతురు లేనప్పుడు ఎరువుచే ఏపుగా బెరిగిన ఆకులు ఒకదానిపై నొకటి నీడవేయును. కాడ మెత్తబడి పైరు పడిపోవును. అగ్గితెగులునకు అవకాశ మిచ్చును. ఎరువును దఫాలుగా విభజించి, మబ్బు విడిచిన పిమ్మట వేయుడు.

6. పాలిపోయిన ఆకును జూచి రోగమును గుర్తింపుడు. ముందుగా ముదురాకు మొత్తము పాలిపోయిన నత్రజని కొఱత. ముదురాకున ఈనెలు పచ్చగా నుండి నడుమ పాలిపోయిన మెగ్నీసియపు కొఱత. క్రొత్తాకులే ఈనెల నడుమ తెల్లబాఱిన ఇనుము కొఱత; ఇది నీరు నిలువని నారుమళ్లలోను సున్నపు నేలలలోను విశేషముగా గానబడును. అన్నిటికి ఒకే ఎరువు మందుగాదు. పసులపెంటను, జనుము జీలుగ మొదలగు పచ్చిరొట్టను దున్నిన నేలలో ఇట్టి కొఱతలు సామాన్యముగా దక్కువ.

7. పొట్టదశ మొదలు గింజ గట్టిపడువఱకు నీటి యెద్దడి రానీయవద్దు. చెఱువు నీరు కొంచెమైన, నాటక ముందే విస్తీర్ణమును దగ్గించుకొనుట మేలు. ఎక్కువ నేల నాటి చివరి తడి లేక ఎండబెట్టుకొనుటకంటె, తక్కువ నేలలో ఆకును చివరివఱకు పచ్చగా నిలుపుకొనుట లాభము.

8. పోటాకు వచ్చినది మొదలు వారమున కొకమాఱైన మడిలో దిగి ఆకులను దిప్పి చూడుడు. పురుగును దెగులును తొలుతనే గుర్తించిన, చేయవలసిన పని చిన్నది.

9. పొలములోనికి నీడవేయు గట్టుచెట్ల కొమ్మలను పైరు పొట్టకు రాకమునుపే నఱికి, ఆ రొట్టను మడిలో ద్రొక్కించుడు. కానుగవంటి చెట్టైన ఎరువును దొరకును, వెలుతురును దొరకును. చెట్టును మొదలంట గొట్టవలసిన పని లేదు.

మహాశయులారా! నేలను పెంచుకొనుట మన చేతిలో లేదు. వాన మన మాట వినదు. ఎండ మాత్రము బీదకును భాగ్యవంతునకును, పెద్ద పట్టాదారునకును రెండెకరముల రైతునకును ఎకరమున కొక్కతీరుగనే కాయుచున్నది. దానిని బట్టు వల ఆకు. ఎవని పొలములో ఆకు చివరి దినమువఱకు పచ్చగా, చిఱుగక, నీడపడక నిలుచునో వాని గాదెలోనికే ఆ యెండ గింజయై వచ్చును. ఈ యేడు పైరు ఈనినది మొదలు కోతవఱకు నున్న నెలదినములు మీ ఆకులను గాపాడి, మీ పొలములో ఒక మూల ఆకు దూసిన సాలును దూయని సాలును వేర్వేఱుగా నూర్చి తూచి చూడుడు. నా మాటకంటె మీ త్రాసు మాటయే మీకు గట్టి ప్రమాణము.